మియాపూర్ నుంచి రాజమండ్రికి: అత్తయ్యగారి కోసం మారాలా, ఆగాలా?

ప్రశ్న

నమస్కారం. మా ఇంట్లో నాలుగు నెలలుగా తేలని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను. పెద్ద నగరం వదిలి చిన్న నగరానికి వెళ్లినవారు, వెళ్లి తిరిగి వచ్చినవారు, ఆలోచించి ఆగిపోయినవారు, ఎవరైనా సరే తమ అనుభవం చెబితే మాకు చాలా ఉపయోగపడుతుంది.

మేము హైదరాబాద్‌లో మియాపూర్ దగ్గర పద్నాలుగేళ్లుగా అద్దెకుంటున్నాము. నా వయసు 39. పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో మైక్రోబయాలజీ విభాగంలో పని చేస్తున్నాను. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2020 నుంచి ఇంటి నుంచే చేస్తున్నారు, ఇప్పుడు నెలకు రెండు రోజులు మాత్రం ఆఫీసుకు వెళ్లి రావాలి. అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. మావారి సొంత ఊరు రాజమండ్రి. మామయ్యగారు కిందటేడాది కాలం చేశారు. అప్పటి నుంచి అత్తయ్యగారు దానవాయిపేటలోని పాత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. ఆవిడకు 71 ఏళ్లు, మూడేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు.

మొన్న జులైలో ఒక తెల్లవారుజామున ఆవిడ స్నానాలగది మెట్టు దగ్గర కాలు జారి పడ్డారు. ఎముక విరగలేదు కాని లేవలేకపోయారు. ఆరున్నర దాటినా పాలప్యాకెట్టు వసారాలోనే ఉండటం చూసి పక్కింటావిడ తలుపు తట్టారు. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. వడ్రంగిని పిలిపించి తీయించేసరికి ఏడు దాటింది. సుమారు మూడు గంటలు ఆవిడ తడినేల మీద కూర్చుని ఉన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

వెంటనే వెళ్లి మా దగ్గరకు తీసుకువచ్చాము. తొమ్మిదో అంతస్తులో నలభై రోజులు ఉన్నారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఏ లోటూ చెప్పలేదు. కాని తెచ్చుకున్న చీరలను అలమారలో పెట్టుకోలేదు. సంచిలో నుంచే తీసి కట్టుకుని, ఉతికినవి మళ్లీ సంచిలోనే సర్దుకునేవారు. కార్తీకమాసంలో గోదావరిలో దీపాలు వదలాలని చెప్పి అంతకు ముందే తిరిగి వెళ్లిపోయారు.

ఇప్పుడు మావారూ, ఆయన అక్కగారూ, మిగతా బంధువులూ అందరూ చెప్పేది ఒకటే: కుటుంబమంతా రాజమండ్రి వెళ్లిపోవాలి. సొంత ఇల్లుంది కాబట్టి 27,000 అద్దె, 4,000 నిర్వహణ ఖర్చు మిగులుతాయి. మావారి ఉద్యోగానికి ఇబ్బంది లేదు. పాపకు అక్కడ మంచి బళ్లున్నాయి. గాలి, నీరు, మనుషులు అన్నీ నయం. ఈ మాటల్లో తప్పేమీ లేదు. కాని నా ఉద్యోగం ఏమవుతుందన్నది ఎవరూ ప్రస్తావించడం లేదు. ఇంజెక్షన్ మందులో సూక్ష్మజీవులు లేవని తేల్చడానికి నమూనాలను 14 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి, గొట్టాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, లోపలి ద్రవం మబ్బుగా మారిందా, తేటగా ఉందా అని చూడటం నా పని. ఇది ఇంటి నుంచి చేసేది కాదు. రాజమండ్రిలో ఇటువంటి ప్రయోగశాల ఉద్యోగం నాకు కనిపించలేదు. పదిహేనేళ్ల అనుభవం తరువాత, వచ్చే ఏడాది విభాగం బాధ్యత నాకు అప్పగిస్తామని చెప్పారు.

అత్తయ్యగారంటే నాకు ప్రేమ. ఆవిడను అలా ఒంటరిగా వదిలేయడం నాకు కూడా సమ్మతం కాదు. అదే సమయంలో ఉద్యోగం వదిలేస్తే మళ్లీ ఈ రంగంలోకి రాలేనన్న భయం ఉంది. నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా? చదువు, వైద్యం, రోజువారీ జీవితం వంటి విషయాల్లో రాజమండ్రి నిజంగా ఎలా ఉంటుంది? ఏ లెక్కలు చూసుకుని నిర్ణయించుకోవాలి?


సమాధానం: రాజమండ్రి ప్రకాశ్‌నగర్ నుంచి

అమ్మా, మీ అత్తయ్యగారి ఇంటికి దగ్గరలోనే ఉంటాను కాబట్టి ఊరి సంగతులు నాకు తెలిసినంతవరకు చెబుతాను. నేను పదకొండేళ్లు పుణేలో ఉండి 2019లో ఇక్కడికి తిరిగి వచ్చాను. నాదీ కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనే.

ముందుగా వైద్యం గురించి. దానవాయిపేట చుట్టుపక్కల ఆసుపత్రులు చాలా ఉన్నాయి, గుండె వైద్యం ఊళ్లోనే దొరుకుతుంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. గుండెపోటు వచ్చినప్పుడు నిమిషాలు విలువైనవి కాబట్టి, ఇంటి నుంచి ఆసుపత్రికి పది నిమిషాల్లో చేరగలగడం ఈ ఊరికి ఉన్న పెద్ద బలం. మీ మియాపూర్ నుంచి సాయంత్రం ఆరు గంటలకు ఏ పెద్దాసుపత్రికైనా వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో మీకే తెలుసు. అయితే అరుదైన జబ్బులకు, క్లిష్టమైన శస్త్రచికిత్సలకు మేము ఇప్పటికీ విశాఖపట్నమో, విజయవాడో, హైదరాబాదో వెళ్తున్నాము. అంటే మీ అత్తయ్యగారి వంటి వారికి అత్యవసర వైద్యం విషయంలో ఈ ఊరు లోటు చేయదు. నా దృష్టిలో ఆవిడకు ప్రమాదం ఆసుపత్రి దూరంగా ఉండటం వల్ల రాలేదు, లోపలి గడియ వల్ల వచ్చింది.

ఇంటి నుంచి పని చేయడానికి ఇక్కడ ఇబ్బంది లేదని మీవారు అనుకుంటున్నట్లున్నారు. చాలావరకు నిజమే. ఫైబర్ లైన్లు బాగానే ఉన్నాయి. కాని గాలివానకు ఒక చెట్టుకొమ్మ విరిగి తీగమీద పడితే పూటంతా పోతుంది. అందువల్ల నేను రెండు వేర్వేరు సంస్థల లైన్లు పెట్టుకున్నాను, రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలిపి ఉంచాను. ఇన్వర్టర్ బ్యాటరీ బలంగా ఉండాలి. మే నెలలో 43, 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గోదావరి పక్కనే ఉండటం వల్ల ఆ వేడికి ఉక్కపోత కూడా తోడవుతుంది. హైదరాబాద్‌లో సాయంత్రమయ్యేసరికి చల్లబడుతుంది, ఇక్కడ రాత్రి పదింటికి కూడా డాబా మీద నేల కాలుతూనే ఉంటుంది. పాత ఇల్లయితే కనీసం ఒక గదికి ఏసీ, దానికి తగిన వైరింగ్ ముందే చూసుకోండి. మా ఇంట్లో పాత వైరింగ్ మార్చడానికే మొదటి వేసవి గడిచిపోయింది.

వరదల గురించి బంధువులు ఎవరో ఒకరు భయపెట్టి ఉంటారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు మూడో హెచ్చరిక కూడా దాటింది. లంక గ్రామాలు ఆ రోజుల్లో చాలా కష్టపడ్డాయి. నగరానికి గట్టు రక్ష ఉంది. ఊళ్లో నిజంగా ఇబ్బంది పెట్టేది నదికి వరద వచ్చిన సమయంలోనే పెద్దవాన పడటం. మురుగునీరు నదిలోకి పోయే దారి మూసుకుని పల్లపు వీధుల్లో నిలిచిపోతుంది. మీ వీధి మెరకలో ఉందో, పల్లంలో ఉందో పక్కింటివారిని అడిగితే పదిహేనేళ్ల చరిత్ర చెబుతారు.

రాకపోకలకు లోటు లేదు. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లిలోనే బయలుదేరుతుంది కాబట్టి మియాపూర్ వారికి మరీ అనుకూలం, తెల్లవారుజామున ఇక్కడ దిగవచ్చు. 2023 జనవరి నుంచి వందే భారత్ కూడా ఉంది, సికింద్రాబాద్ ఆరేడు గంటల ప్రయాణం. మధురపూడి నుంచి విమానాలున్నాయి. నెలకు రెండు రోజుల ఆఫీసు కష్టం కాదు. వారానికి రెండు రోజులైతే మాత్రం ఆరునెలల్లో ఒళ్లు హూనమవుతుంది.

మనుషుల గురించి ఒక్క మాట. ఇక్కడ మీరు ఎవరి కోడలో, ఎవరి మనవరాలో అందరికీ తెలుస్తుంది. పాలప్యాకెట్టు తీయకపోతే తలుపు తట్టే పక్కింటావిడ ఉన్నారంటే ఆ పరిచయం వల్లనే. అదే పరిచయం మీరు ఎప్పుడు బయటకు వెళ్లారో, ఎందుకు వెళ్లారో కూడా అడుగుతుంది. నాకు అది బాగుంది. నా భార్యకు అలవాటు పడటానికి రెండేళ్లు పట్టింది. మా ఇద్దరి అనుభవమూ ఒకటేనని నేను చెప్పలేను.


సమాధానం: జూనియర్ కళాశాల అధ్యాపకుడు

పై సమాధానంలో చదువు విషయం రాలేదు కాబట్టి అది నేను చెబుతాను. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన మాట “ఏడో తరగతి”.

తెలుగు రాష్ట్రాల్లో వృత్తివిద్యా కళాశాలల సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయిస్తారు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి మూలం. స్థానికత అంటే సొంత ఊరు కాదు, ఆధార్‌లోని చిరునామా కాదు, తండ్రి పుట్టిన జిల్లా కాదు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యా సంవత్సరాలు పిల్లలు ఎక్కడ చదివారన్నదే ప్రధానం. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. రాష్ట్ర విభజన తరువాత పదేళ్లపాటు ఉన్న ఉమ్మడి ప్రవేశాల వెసులుబాటు 2024 జూన్ 2తో ముగిసింది. వైద్యవిద్యకు సంబంధించి తెలంగాణ ప్రభుత్వం 2024లో నిబంధనలు మార్చి ఈ నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివి ఉండాలని స్పష్టం చేసింది. దాని మీద వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది, 2025 సెప్టెంబరులో కోర్టు ఆ నిబంధనను సమర్థించింది.

దీన్ని మీ పాపకు అన్వయించి చూడండి. తొమ్మిది, పది హైదరాబాద్‌లో చదివి ఇంటర్‌కు రాజమండ్రి వెళ్తే తెలంగాణలో వైద్యవిద్యకు స్థానికత పోతుంది, ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ల లెక్క పూర్తి కాదు. నా దగ్గరకు ఇలా రెండుచోట్లా అరకొరగా మిగిలిన పిల్లలు వచ్చారు. తల్లిదండ్రులకు ఆ సంగతి కౌన్సెలింగ్ సమయంలో తెలిసింది. అప్పుడు ఎవరూ చేయగలిగినది ఏమీ ఉండదు. కళ్లనీళ్లు పెట్టుకున్న ఒక తండ్రిని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి పంపించడం తప్ప నేను కూడా ఏమీ చేయలేకపోయాను.

మీకు అదృష్టవశాత్తు సమయం ఉంది. ఎనిమిదో తరగతి ఎక్కడ చదివినా ఈ లెక్కకు అడ్డురాదు. అంటే వచ్చే జూన్‌లో కాదు, ఆ పై జూన్‌లో, పాప తొమ్మిదిలో చేరేలోగా రాష్ట్రం ఏదో తేల్చుకుంటే చాలు. ఒకసారి తేల్చుకున్నాక నాలుగేళ్లు కదలకూడదు. ఐఐటీలకు ఇటువంటి రాష్ట్రాల వాటా లేదు. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి ఉంటాయి, అక్కడ పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణులయ్యారన్నది చూస్తారు. మీరు ఇక్కడ ఉంటే వరంగల్, అటు వెళ్తే తాడేపల్లిగూడెం పాపకు సొంత రాష్ట్రపు ఎన్ఐటీ అవుతుంది. నిబంధనలు తరచుగా మారుతున్నాయి కాబట్టి తొమ్మిదిలో చేర్చే ముందు ఆ ఏడాదికి అమల్లో ఉన్న ఉత్తర్వును రెండు రాష్ట్రాల్లోనూ చదవండి, ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకండి.

బళ్ల నాణ్యత గురించి ఎక్కువ ఆందోళన అవసరం లేదు. ఒక వేసవి సెలవుల్లో పాపను అక్కడే ఉంచి, గౌతమీ గ్రంథాలయానికి తీసుకువెళ్లి, వీధిలో తన ఈడు పిల్లలతో కలవనిచ్చి, ఆ తరువాత తన అభిప్రాయం అడగండి. పన్నెండేళ్ల పిల్లకు చెప్పడానికి చాలా ఉంటుంది.


సమాధానం: కాకినాడ వెళ్లి తిరిగి వచ్చినామె

అండీ, మీరు రాసింది చదువుతుంటే నా కథే మరొకరు రాసినట్లు అనిపించింది. మేము 2021లో బెంగళూరు నుంచి కాకినాడ వెళ్లాము, రెండున్నరేళ్లకు తిరిగి వచ్చాము. ఆ ఊరి మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు. తప్పు మా లెక్కలో జరిగింది.

మేము కూడా అద్దెతోనే మొదలుపెట్టాము. నెలకు 16,000 మిగులుతుందని కాగితం మీద రాసుకున్నాము. మావారు నెలకోసారి ఆఫీసుకు వెళ్లిరావడానికి, రెండు రాత్రుల బసకు కలిపి 14,000 దాకా అయ్యేది. మిగులు అక్కడే కరిగింది. దానికన్నా పెద్ద దెబ్బ మరొకటి. ఇంటి నుంచి పని శాశ్వతమని మాకు మాట ఇచ్చారు, కాని అది కాగితం మీద లేదు. మూడో ఏడాది మొదట్లో వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలని మెయిల్ వచ్చింది, అరవై రోజుల గడువు ఇచ్చారు. మీవారి నియామకపత్రంలో పని చేసే చోటు ఏ ఊరని రాసి ఉందో ఈ రోజే తీసి చూడండి. హైదరాబాద్ అని ఉంటే, రాజమండ్రి అని మార్పించుకున్న లేఖ చేతికి వచ్చేవరకు మీ ఇంటి ఒక కాలు హైదరాబాద్‌లోనే ఉంచుకోండి.

అన్నిటికన్నా ఎక్కువగా నేను చెప్పాలనుకున్నది నా ఉద్యోగం గురించి. నేను నీటి నాణ్యత పరీక్షల ప్రయోగశాలలో పని చేసేదాన్ని. వెళ్లేముందు “ఏదో ఒకటి దొరుకుతుందిలే” అనుకున్నాము. దొరికింది ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పే పని, జీతం పాత జీతంలో మూడోవంతు. పాఠం చెప్పడం నాకు ఇష్టమే, పిల్లలు కూడా మంచివారు. అయినా సాయంత్రం ఇంటికి వచ్చి కూర్చుంటే నా చేతులు పిపెట్ కోసం వెతుక్కునేవి. అది అహంకారమని ఇంట్లో అనుకున్నారు. తిరిగి వచ్చాక మళ్లీ ఉద్యోగం దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది, నాకన్నా చిన్నవారి కింద చేరాను. వారు నన్ను గౌరవంగానే చూస్తున్నారు, కాని పోయిన మెట్లు పోయినట్లే.

మీ రంగానికి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద చోటు అనకాపల్లి జిల్లాలో పరవాడ, అచ్యుతాపురం వైపు ఉంది. రాజమండ్రి నుంచి అనకాపల్లి రైలు ప్రయాణమే రెండు గంటలకు పైన ఉంటుంది కాబట్టి రోజూ వెళ్లిరావడం సాధ్యం కాదు. వారమంతా అక్కడ గది తీసుకుని ఉండి శని, ఆదివారాలు ఇంటికి రావడం సాధ్యమే. కాని అప్పుడు పాపకు, మీకు మధ్య దూరం పెరుగుతుంది. అదైతే హైదరాబాద్‌లోనే ఉండి చేయవచ్చు కదా.

మీరు స్వార్థపరులా అని అడిగారు. మీ ఇంట్లో రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి పెట్టెలో పెట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, రెండోది ఒకేచోట పాతుకుని ఉంది. చూసుకోవలసిన పెద్దావిడ, తీసుకుపోగల ఉద్యోగం ఉన్న ఆయనకే తల్లి. అలాంటప్పుడు మొదట ఆయన మాత్రమే వెళ్లి నెలకు పది రోజులు ఉండి రావడంలో ఏం కష్టముందో ఒకసారి అడిగి చూడండి. మా ఇంట్లో ఈ ప్రశ్న అప్పట్లో ఎవరికీ తట్టలేదు, నాకు కూడా.


సమాధానం: ఏలూరు నుంచి, విశ్రాంత ఉపాధ్యాయురాలు

తల్లీ, నాకు 74 ఏళ్లు. ఒక్కదాన్నే ఉంటున్నాను. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి విశాఖపట్నంలో. మీ అత్తగారి పక్షాన రాస్తున్నాను అనుకోండి.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీవారు ఏమన్నారో ఉంది, ఆడపడుచు ఏమన్నారో ఉంది, బంధువులు ఏమన్నారో ఉంది. ఆవిడ ఏమన్నారో లేదు. మీరు ఆవిడను అడిగారా? “మా దగ్గరకు వస్తారా” అని కాదు, “మేము వచ్చేస్తున్నాము” అని కాదు. “మీకు ఎలా ఉండాలని ఉంది, దేనికి భయమేస్తోంది” అని. మా వయసులో ఉన్నవారికి ఒంటరితనం ఒక భయం, పిల్లల బతుకు మన వల్ల చెదిరిందన్న భారం మరొకటి. చీరలు సంచిలోనే ఉంచుకున్నారన్నారు చూశారా, అది ఆవిడ ఇచ్చిన జవాబులో ఒక సగం. రెండో సగం మీరు అడిగితే గాని రాదు.

ఈలోగా ఇంట్లో చేయవలసిన పనులున్నాయి, వాటికి ఎవరూ ఊరు మారనక్కరలేదు. నేను కూడా ఒకసారి పడ్డాను, ఆ తరువాత చేయించుకున్నవే చెబుతున్నాను. స్నానాలగది మెట్టు చదును చేయించండి, లేదా పక్కన గోడకు ఉక్కు పిడి బిగించండి. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. గరుకు పలకలు వేయించండి. ఆ గదికి లోపలి గడియ తీసేయండి. ఒంటరిగా ఉండేవారికి అక్కడ గడియ ఎందుకు? వీధితలుపుకు లోపలి అడ్డగడియ మాని, బయట నుంచి కూడా తాళంచెవితో తెరవగలిగే తాళం వేయించి, ఒక చెవి పక్కింటావిడకు ఇవ్వండి. చిన్న బటన్ ఫోను తాడుకు కట్టి మెడలో వేసుకోమనండి. మొదట విసుక్కుంటారు, నేనూ విసుక్కున్నాను. మంచం నుంచి స్నానాలగది దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు పెట్టండి. డాక్టరు కాగితాలు, స్టెంట్ కార్డు, మందుల చీటీ, 108 అని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఒకే సంచిలో తలుపు వెనుక మేకుకు తగిలించండి. స్టెంట్ తరువాత వాడే మాత్రలు ఎవరు చెప్పినా డాక్టరును అడగకుండా ఆపవద్దని మరీ మరీ చెప్పండి. రాత్రికి వచ్చి పడుకునే మనిషి దొరికితే ఆ జీతం మీరు మిగుల్చుకుంటామనుకున్న అద్దెలో సగం కూడా కాదు.

ఇవన్నీ చేశాక కూడా ఆవిడకు మనుషులు కావాలనిపిస్తే అప్పుడు మారే సంగతి ఆలోచించండి. అప్పటికి ఆ ఆలోచన భయంతో పుట్టినది కాదు కనుక స్థిమితంగా సాగుతుంది.


మూడు వారాల తరువాత, ప్రశ్న అడిగినామె

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ సమాధానాలు మావారికి చదివి వినిపించాను. కాకినాడ వెళ్లివచ్చిన ఆమె రాసింది విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు నియామకపత్రం తీసి చూశారు. పని చేసే చోటు హైదరాబాద్ అనే ఉంది. మార్చి ఇమ్మని అడిగితే, ప్రస్తుతానికి అలాంటి లేఖ ఇవ్వలేమని, నెలకు రెండు రోజుల పద్ధతి కూడా ఏడాదికోసారి సమీక్షిస్తామని చెప్పారట. ఇది తెలియకుండానే మేము ఇల్లు ఖాళీ చేసే తేదీ దాకా మాట్లాడుకున్నాము.

కిందటి శని, ఆదివారాలు ఇద్దరమూ రాజమండ్రి వెళ్లాము. ఏలూరు అమ్మగారు చెప్పినట్లు అత్తయ్యగారిని నేను ఒక్కదాన్నే కూర్చుని అడిగాను. ఆవిడ గోరుచిక్కుళ్లు తుంచుతున్నారు. చాలాసేపు తలెత్తలేదు. తరువాత, “నువ్వు ఉద్యోగం మానేసి ఇక్కడికి వస్తే, పొద్దున్నే లేచి నీ మొహం చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుందమ్మా” అన్నారు. భయం దేనికని అడిగితే, పడిపోవడానికి కాదట. తెల్లవారేదాకా ఎవరికీ తెలియకుండా ఉండిపోతానేమోనని. మా దగ్గరకు రావడం గురించి కూడా చెప్పారు. తొమ్మిదో అంతస్తులో కిటికీ నుంచి చూస్తే ఒక్క మనిషి మొహం కూడా కనిపించలేదని, ఇక్కడ వసారాలో కూర్చుంటే పూలమ్మి మొదలుకుని పోస్టుమాన్ దాకా అందరూ పలకరిస్తారని.

స్నానాలగది పని సోమవారమే మొదలైంది. మెట్టు తీసేసి వాలుగా చేయించాము, మూడు పిడులు బిగించారు, గడియ నా చేతులతో నేనే ఊడదీశాను. వీధితలుపుకు కొత్త తాళం వచ్చింది, పక్కింటావిడ ఒక చెవి తన పసుపుతాడు కట్టిన గుత్తికి చేర్చుకున్నారు. రాత్రి పడుకోవడానికి అదే వీధిలో ఉండే ఒక ఆమె ఒప్పుకున్నారు. ఫోను మాత్రం అత్తయ్యగారు మెడలో వేసుకోవడం లేదు, బొడ్లో దోపుకుంటున్నారు.

మావారు జనవరి నుంచి నెలకు పది, పన్నెండు రోజులు అక్కడి నుంచే పని చేస్తారు. ఆ రోజుల్లో ఇక్కడ వంట, పాప బడి, నా షిఫ్టులు ఎలా కుదురుతాయో చూడాలి. కష్టంగానే ఉండవచ్చు. పాప వేసవి సెలవులు మొత్తం నాయనమ్మ దగ్గర గడుపుతుంది. తొమ్మిదో తరగతిలో చేరేలోగా, అంటే ఆ పై ఏడాది మార్చిలోపల, అత్తయ్యగారితో సహా నలుగురమూ కూర్చుని మళ్లీ మాట్లాడుకుంటామని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాము. నేను విభాగం బాధ్యత తీసుకుంటానని మా కంపెనీలో చెప్పేశాను.

ప్రకాశ్‌నగర్ వారికి ఒక మనవి. పాత ఇంటి వైరింగ్ మార్పించిన మేస్త్రి ఇంకా పని చేస్తున్నట్లయితే దయచేసి విడిగా తెలియజేయండి, మే నెల రాకముందే మావారి గది సిద్ధం చేసుకోవాలి. రిజర్వేషన్లు ఇప్పుడు అరవై రోజుల ముందే మొదలవుతున్నాయి కాబట్టి సంక్రాంతి టికెట్లు మేము అనుకునేసరికే అయిపోయాయి. పండుగ వెళ్లిన మూడో రోజు గౌతమిలో మావారికి ఒక బెర్తు దొరికింది.